మట్టగిడస పని డైరీ: పెరంబూరు పార్కింగ్ నుంచి ఇరకం దీవి దాకా

సెప్టెంబర్ 7

మేం నలుగురం సొంతంగా కట్టుకోబోతున్న తెరచాప పడవ గురించి ఈ డైరీ రాయమన్నది మేడం. "ఎవరెంత పెట్టారో, ఏ జిగురు ఎందుకు చెడిందో మూడు నెలలకే మర్చిపోతారు, ఎవరో ఒకరు రాసిపెట్టండి" అన్నారు. నలుగురిలో పొద్దస్తమానం లెక్కలు రాసే ఉద్యోగం నాదే కాబట్టి ఇదీ నా నెత్తినే పడింది.

మిగతా ముగ్గురిలో మా బావ చెన్నై పెరంబూరులో రైలు పెట్టెల కోచ్ ఫ్యాక్టరీలో కార్పెంటరు. మేడం మా పై ఫ్లాట్‌లో ఉంటారు, ప్లస్ టూ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతారు. చిన్నోడు బావ తమ్ముడు, ఇంజినీరింగ్ చివరి ఏడాది. తెరచాప పడవ నడపడం తెలిసింది వాడొక్కడికే. 1911లో మొదలైన యాట్ క్లబ్బొకటి చెన్నై హార్బర్ లోపల ఉంది, రెండు వేసవులు అక్కడ తిరిగి నేర్చుకున్నాడు. మిగతా మాకు ఈత వచ్చు, అంతే.

మొదట అనుకున్నది అండమాన్. చెన్నైలో ఓడ ఎక్కితే దాదాపు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజులకు పైమాటే. అక్కడ తెరచాప పడవ అద్దెకు తీసుకుని జనం లేని దీవి ఒకటి చూసి రావాలని చిన్నోడి కోరిక. అద్దె ఎంతో కనుక్కున్నాక ఆ ఊసెత్తడం మానేశాడు. పైగా అక్కడ చాలా దీవుల్లో అనుమతి లేకుండా కాలు పెట్టకూడదు. బావ కాఫీ చల్లార్చుకుంటూ, "దీవే కదరా కావాల్సింది? సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగితే అక్కడే ఉంది" అన్నాడు.

ఆయన అన్నది ఇరకం గురించి. పులికాట్ సరస్సు మధ్యలో ఉంది, ఆంధ్ర వైపు తడ మండలం. మా అమ్మమ్మ ఆ సరస్సుని ప్రళయకావేరి అనేది. ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్దది. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్లు పరుచుకుని ఉన్నా, సగటు లోతు ఒక మీటరు. మా పడవ బొమ్మ గీసింది చిన్నోడు కాదు, ఆ మీటరే.

సముద్రం మీద తిరిగే తెరచాప పడవకి అడుగున రెక్కలాంటి పలక ఉంటుంది. గాలి పక్కనుంచి తోసినప్పుడు పడవ పక్కకి కొట్టుకుపోకుండా అది నీళ్లని పట్టుకుంటుంది. పులికాట్‌లో అలాంటిది పెడితే నాగలి అవుతుంది. అందుకని అడుగు చదునుగా ఉంచుతున్నాం. పలకని పక్కన వేలాడదీస్తాం, ఒక్క బోల్టు మీద తిరుగుతుంది, నేల తగిలితే దానంతటదే పైకి లేస్తుంది. చుక్కానికీ అదే పద్ధతి. పొడవు 12 అడుగులు. పడవ, ముగ్గురు మనుషులు, సామాను కలిపి 285 కిలోలు వేసుకుంటే ఐదు అంగుళాలు మునగాలి. ఆర్కిమెడిస్ లెక్క మేడం వేశారు, నేను రెండుసార్లు సరిచూశాను.

నాలుగో మనిషి తోడుగా వచ్చే ఇంజిను బోటులో కూర్చోవాలి. ఎవరన్నది తేలలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

సెప్టెంబర్ 21

నాలుగు షీట్ల ప్లైవుడ్ వచ్చింది, ఆరు మిల్లీమీటర్లది. మీద పడవల ప్లైవుడ్‌కి వేసే ఐఎస్ 710 ముద్ర కూడా ఉంది. ఆ ముద్ర వేయాలంటే ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా జిగురు పట్టు నిలవాలి. మాకు 72 గంటలు గ్యాసు కాల్చే ఓపిక లేదు. అరచేతంత ముక్క కోసి మేడం వాళ్ల కుక్కర్‌లో పెట్టాం. మూడో విజిల్‌కి మూత తీసి చూస్తే ముక్క మడతకాజాలా పొరలు విప్పుకుని ఉంది.

షాపుకి తీసుకెళ్లి చూపించాను. ఆయన ముక్కని అటూ ఇటూ తిప్పి, "ప్లైవుడ్‌ని కుక్కర్‌లో ఎవరు పెట్టమన్నారు సార్?" అన్నాడు. అది పడవకి అని చెప్పాక ఇంకా నమ్మలేదు. ఒక షీటు మాత్రం వెనక్కి తీసుకున్నాడు. మిగతా మూడింటితో బావ మా ఇంట్లో చెప్పుల అర చేస్తానంటున్నాడు.

రెండో షాపులో ముందు ముక్క అడిగి తెచ్చుకున్నాం. రెండు గంటలు ఉడికింది, రెండుసార్లు నీళ్లు పోశాం. అంచు కూడా లేవలేదు. షీటు 2,750 చొప్పున నాలుగు. మేడం కుక్కర్ గ్యాస్కెట్‌కి వాసన పట్టిందట, అదీ ఖర్చులో రాశాను.

అక్టోబర్ 5

పని మా అపార్ట్‌మెంట్ కింద, బావ కారు లేని కారు పార్కింగ్‌లో. షీటు పొడవు ఎనిమిది అడుగులే కాబట్టి రెండేసి అతికించాలి. అంచులని ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి పెట్టడం బావకి అలవాటైన పని. ఒకటికి ఎనిమిది లెక్కన, ఆరు మిల్లీమీటర్ల చెక్కకి 48 మిల్లీమీటర్ల వాలు. చిత్రిక పట్టాక ప్లైవుడ్ పొరలు మెట్లు మెట్లుగా కనబడతాయి. ఆ గీతలు తిన్నగా ఉంటే వాలు సరిగ్గా వచ్చినట్టు, వంకరపోతే చిత్రిక ఒక పక్కకి ఎక్కువ నొక్కినట్టు. బావ గీతలు పాలకోవా కోసినట్టున్నాయి. నావి నేనే మళ్లీ చెక్కాల్సి వచ్చింది.

తర్వాత కుట్టడం. నిజంగానే కుట్టడం: పలకల అంచుల్లో నాలుగు అంగుళాలకో చిల్లు వేసి, పాత వైరింగ్ నుంచి లాగిన రాగి తీగతో మెలిపెట్టి బిగించాం. ఉదయం దాకా నేల మీద పడున్న చదును చెక్కలు, మధ్యాహ్నానికి ముక్కు, పొట్ట, వెనక భాగం ఉన్న పడవైపోయాయి. ఆ మార్పు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వాచ్‌మన్ కూడా కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

ఈ ఊళ్లో కుట్టిన పడవ కొత్తేం కాదు. హార్బర్ కట్టకముందు ఓడలు దూరంగా నిలబడితే మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలే. మేకు అన్నది లేకుండా కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టేవాళ్లు. ఇక్కడి అలల దెబ్బకి మేకులు కొట్టిన పడవ విచ్చుకుంటుంది, కుట్టిన పడవ కాస్త వంగి మళ్లీ సర్దుకుంటుంది. మాది మాత్రం వంగదు. తీగ తాత్కాలికం, అసలు పట్టు జిగురుది.

అక్టోబర్ 19

జిగురు కథ. ఎపాక్సీ రెసిన్ వంద గ్రాములకు దాన్ని గట్టిపరిచే హార్డనర్ పది గ్రాములు, బరువులోనే, కొలతలో కాదు. నగల తూకం యంత్రం కొన్నాం. పలకలు కలిసే మూలల్లో లోపలివైపు ఈ జిగురుని రంపపు పొట్టుతో గట్టిగా కలిపి పూయాలి. ఎంత గట్టిగా అంటే మేడం చెప్పిన కొలతే కొలత: "దోసెల పిండి కాదు, గారెల పిండి. గరిటె తిరగేసినా జారకూడదు." చెంచా వెనక భాగంతో లాగితే మూల గుండ్రంగా వస్తుంది. దాని మీద గాజుపీచు టేపు వేసి మళ్లీ రెసిన్‌తో తడపాలి.

చిన్నోడు తొందరలో ఒకేసారి అరకిలో కలిపాడు, ప్లాస్టిక్ మగ్గులో. మధ్యాహ్నం ఒంటిగంట. పది నిమిషాలు బాగానే ఉంది. పదిహేనో నిమిషంలో "అన్నా, మగ్గు కాలుతోంది" అన్నాడు. చూస్తుండగానే పొగ మొదలైంది, మగ్గు ఒక పక్కకి ఒరిగి కరిగిపోయింది, లోపల గోధుమరంగు రాయి. జిగురు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, మగ్గులో ఆ వేడికి దారి ఉండదు, వేడెక్కినకొద్దీ ఇంకా త్వరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి. ఇది మేడం తర్వాత చెప్పారు. ముందు చెప్పి ఉంటే 450 రూపాయలు మిగిలేవి అన్నాను. "క్లాసులో కూడా ముందే చెబుతాను, ఎవరు వింటారు?" అన్నారు.

ఇప్పటినుంచి 150 గ్రాములకి మించి కలపడం లేదు, కలపగానే స్టీలు పళ్లెంలో పల్చగా పరుస్తున్నాం. పని పొద్దున తొమ్మిదిలోపు, లేదా రాత్రి.

పొగ మూడో అంతస్తు దాకా వెళ్లిందని అసోసియేషన్ సెక్రటరీ గారు నోటీసు పెట్టారు. "పార్కింగ్ స్థలమున వాహనములు తప్ప" అని మొదలవుతుంది. పడవ వాహనమే కదా అని బావ వాదన.

నవంబర్ 9

వాన. రెండో పూత మీద తెల్లటి జిడ్డు తేలింది. గాలిలో తేమ, బొగ్గుపులుసు గాలి కలిసి హార్డనర్‌తో చేసే పని అది. ఉప్పుకాగితం పడితే కాగితమే మూసుకుపోతోంది. ఉత్త నీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో కడిగితే పోయింది. కడగకుండా మూడో పూత వేసి ఉంటే పొరలు పొరలుగా ఊడేది. ఈ వారం ఇంతకన్నా ఏమీ జరగలేదు.

డిసెంబర్ 3

రాత్రంతా కురిసింది. పొద్దున ఐదున్నరకి వాచ్‌మన్ తలుపు కొట్టి, "సార్, మీ బోటు పోతోంది" అన్నాడు. కిందికి వెళ్తే పార్కింగ్‌లో మోకాలి కింద దాకా నీళ్లు. పడవ దానికదే స్టూళ్ల మీదినుంచి లేచి, సెక్రటరీ గారి స్కూటర్‌కి ముక్కు ఆనించి నిలబడి ఉంది. కొబ్బరికాయ కొట్టకుండా, పేరు పెట్టకుండా, రంగు వేయకుండా నీళ్లలోకి దిగిపోయింది. దాన్ని స్తంభానికి కట్టాం.

తడిసిపోయిన చిరాకులో కూడా బావ టేపు తెచ్చి కొలిచాడు. ఖాళీ పడవ ఎంత మునిగిందో చూడ్డానికి ఇంతకన్నా కదలని నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? కుడివైపు అర అంగుళం ఎక్కువ కుంగింది. అటువైపు గాజుగుడ్డ రెండు పొరలు ఎక్కువ వేసిన పాపం నాది. వెనక నీళ్లు వదిలే బిరడా చుట్టూ సన్నగా చెమ్మ కూడా కనబడింది. సరస్సులో బయటపడాల్సిన రెండు తప్పులు ఇక్కడే బయటపడ్డాయి.

డిసెంబర్ 28

తెరచాపకి అసలు గుడ్డ ధర అడిగి వెనక్కి వచ్చాం. ధాన్యం మీద కప్పే టార్పాలిన్ తీసుకున్నాం, తెల్లది. దాన్ని తిన్నటి అంచులతో కోస్తే జెండా అవుతుంది, తెరచాప కాదు. గాలి నింపుకోవాలంటే పొట్ట ఉండాలి, పొట్ట రావాలంటే అంచు విల్లులా ఉబ్బాలి. ఏడడుగుల అంచుకి మధ్యలో రెండున్నర అంగుళాల ఉబ్బు ఇచ్చాం. ఆ ఉబ్బిన అంచుని తిన్నటి కర్రకి లాగి కడితే మిగిలిన గుడ్డంతా మధ్యలోకి పోయి పొట్టవుతుంది. షామియానాలు కుట్టే దర్జీ కుట్టిపెట్టాడు. వంపు చూసి "కోత తప్పింది సార్" అని సరిచేయబోతే చిన్నోడు మిషను మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

తెరచాప స్తంభానికి సర్వి కర్ర, 11 అడుగులు, బెరడు తీసి నీడలో ఆరబెట్టింది. తాళ్లు కాశిమేడు చేపల రేవులో కొన్నాం. తాడు కట్టే విషయంలో చిన్నోడి రూలు ఒక్కటే: చాపని లాగి పట్టే తాడుకి పీటముడి వేయకూడదు. చేత్తో పట్టుకోవాలి, కట్టక తప్పకపోతే జారుముడి. గాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు తాడు వదిలేస్తే పడవ నిలబడుతుంది, వదలలేకపోతే తిరగబడుతుంది.

లైఫ్ జాకెట్ల దగ్గర గొడవ. "నడుం లోతు నీళ్లకి ఆరు వేలు పోసి జాకెట్లా?" అన్నాడు బావ. మేడం గొంతు పెంచకుండా, "2011 క్రిస్మస్ నాడు పులికాట్‌లో పడవ తిరగబడి 22 మంది పోయారు, అంతా ఒకే ఇంటివాళ్లు" అన్నారు. బావ పర్సు తీశాడు.

జనవరి 18

సంక్రాంతి హడావిడి అయ్యాక పరీక్షకి పళవేర్కాడు వెళ్లాం, చెన్నైకి ఉత్తరాన, సరస్సు దక్షిణపు కొస. పడవని మినీ లారీ మీద వేశాం. ఇక్కడివాళ్లు ముద్దుగా కుట్టియానై అనే చిన్న బండి సరిపోలేదు, ముక్కు మరీ బయటికి వచ్చింది. డచ్చివాళ్లు 1613లో ఇక్కడ కోట కట్టారు. ఇప్పుడు మిగిలింది ముఖ్యంగా వాళ్ల సమాధులు, గేటుకి రెండు పక్కలా చెక్కిన రాతి అస్థిపంజరాలు. నీళ్లలోకి దిగబోయే ముందు అవి చూపించినందుకు చిన్నోణ్ణి అందరం తిట్టాం.

మొదటి పని, పడవని కావాలని తిరగేయడం. ముందూ వెనకా మూసిన గాలి గదులు ఉన్నాయి కాబట్టి మునగలేదు. చిన్నోడు పక్కపలక మీద నిలబడి బరువు వేస్తే మళ్లీ లేచింది, లేస్తూ లేస్తూ పలక బోల్టుని వంచేసింది. ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప బోల్టు, నా ఎంపికే. 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ వేయాలి.

రెండో పని తెరచాప ఎత్తడం. పది నిమిషాలు బ్రహ్మాండంగా పోయింది. చప్పుడు లేదు, అడుగున నీళ్లు గలగలమనడం తప్ప. నేను నోరు తెరిచి ఏదో అనబోతుండగా మెత్తగా ఆగింది. దిబ్బ ఎక్కాం. పాటు మొదలై నీళ్లు దిగుతున్నాయని ఎవరం చూసుకోలేదు. దిగి తోశాం. నల్ల బురద, కాలు తీసినప్పుడల్లా కుళ్లిన గుడ్డు వాసన, మధ్యలో ఆల్చిప్పలు. బావ పాదం తెగింది. నలభై నిమిషాలు తోశాక లోతు దొరికింది. ఒడ్డున వల ఎండబెడుతున్న ముసలాయన మమ్మల్ని తలనుంచి కాళ్ల దాకా చూసి తమిళంలో ఏదో అన్నాడు. మేడం అనువదించలేదు, నవ్వారు అంతే.

పడవ పేరు అప్పుడే ఖాయమైంది: మట్టగిడస, బురదలో బతికే చేప పేరు.

ఆ రోజు నుంచి పన్నెండడుగుల వెదురు గెడ ఒకటి పడవలో చేరింది, అర అడుగుకో ఎర్ర టేపు చుట్టి. లోతు చూడ్డానికీ, తోసుకోవడానికీ అదే.

ఫిబ్రవరి 8

ఇరకం వెళ్లి వచ్చాం. చేతులు బొబ్బలు, అయినా ఇవాళే రాయాలి.

ముందు అనుమతుల సంగతి. పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖని అడిగాం, భీములవారిపాలెంలో పెద్దమనుషుల్ని అడిగాం. శ్రీహరికోటలో ప్రయోగం లేని రోజు చూసుకున్నాం. ఊళ్లోనే ఇంజిను బోటు సరంగుని తోడు మాట్లాడుకున్నాం. యాభై దాటిన మనిషి. మా పడవని వేలితో తట్టి శబ్దం విని, "చెక్కా ఇది? బాగనే ఉండాది" అన్నాడు.

మా లెక్క గాలి మీద. ఫిబ్రవరిలో పొద్దున నేల చల్లగా ఉంటుంది, గాలి పడమరనుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. దీవి తూర్పున. కాబట్టి పోయేటప్పుడు గాలి వీపున. మధ్యాహ్నానికి నేల కాగి సముద్రపు గాలి తిరుగుతుంది, ఆగ్నేయం నుంచి. వచ్చేటప్పుడు అదీ అనుకూలమే. కాగితం మీద ఇంత చక్కగా కుదిరింది ఈ ప్రాజెక్టులో ఇదొక్కటే.

ఆరుంపావుకి బయల్దేరాం. బావ, మేడం, చిన్నోడు మట్టగిడసలో. అనుకున్నట్టే నేను సరంగు బోటులో. ఇంజిను సగం వేగంలో పెట్టి వాళ్ల వెనక వెళ్తున్నాం. తెల్ల టార్పాలిన్ గాలి నింపుకున్నప్పుడు, పార్కింగ్‌లో ఐదు నెలలు తిట్లు తిన్న చెక్కల కుప్ప అదేనా అనిపించింది. కుడి పక్కకి ఇంకా కొంచెం వాలే ఉంది. అది నాకొక్కడికే కనబడుతుంది.

అరగంట పోయాక దూరంగా నీళ్ల మీద గులాబీ గీత. ఫ్లెమింగోలు. చిన్నోడు చుక్కాని అటు తిప్పాడు, దగ్గరగా చూడాలని. సరంగు లేచి నిలబడి కేక వేశాడు: "అబ్బయా, ఆ పిట్టలుండే కాడికి పోబాక! వాటికి మోకాలి లోతైతే నీకు బురదే!" ఆ తర్వాత నాకు విడమర్చాడు. అవి ముక్కు తిరగేసి బురదనీళ్లు వడగట్టి తింటాయి, నిలబడే తింటాయి. అవి గుంపుగా నిలబడ్డాయంటే అక్కడ లోతు లేనట్టు. గూడబాతులు ఈదుతూ ఉంటే అక్కడ కాస్త నీళ్లున్నట్టు. టేపు చుట్టిన మా గెడ కన్నా ఇది నయం, అర కిలోమీటరు ముందే కనబడుతుంది.

ఎనిమిది దాటాక తప్పు జరిగింది. తప్పు మాదే. నీళ్లలో సర్వి గుంజలు రెండు వరసలు, మధ్యలో వల. గుంజల బయటినుంచి చుట్టి రమ్మని సరంగు ముందే చెప్పాడు. గాలి కొంచెం పెరిగింది, చిన్నోడు మలుపు ఆలస్యంగా తిప్పాడు, పడవ వల కొస మీదికి జారింది. నేల తగిలితే పైకి లేస్తుందని మేం మురిసిపోయిన పక్కపలక లేవలేదు. బురదైతే కింది అంచుని తోస్తుంది, పలక లేస్తుంది. వల తాడు అలా కాదు, పలకకీ పడవకీ మధ్య ఉన్న వేలెడు సందులోకి దూరి బిగుసుకుంది. చిన్నోడు తాడు వదిలేశాడు కాబట్టి పడవ తిరగబడలేదు, కానీ వల చిరిగింది. నిలువునా మూడు మూరలు.

చిన్న తెప్ప మీద ఒకతను గెడ వేసుకుంటూ వచ్చాడు. అరుస్తాడనుకున్నాం. అరవలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. వలని చేతుల్లోకి తీసుకుని చిరుగు ఎంత ఉందో చూసి, "ఇయ్యాల మా వంతు సార్" అన్నాడు. ఈ సరస్సులో వల వేసే చోట్లని చీట్లు వేసి వంతులుగా పంచుకునే పద్ధతి తరాలనుంచి ఉంది, దాన్ని పాడు అంటారు. మంచి చోటు ఎవరికీ రోజూ రాదు. అతనికి వచ్చిన రోజున మేం వచ్చాం, సరదాకి.

నేను డబ్బు తీశాను. అతను దాని వైపు చూడలేదు. "ముందు ఇది పట్టుకో" అని వల అంచు బావ చేతికిచ్చాడు, ఇంకో అంచు మేడం చేతికి. నడుం గుడ్డలోంచి వెదురు సూది తీశాడు, జానెడు పొడుగు, నైలాన్ దారం చుట్టి ఉంది. ఎడమచేతి చూపుడువేలే కొలత. దారం వేలి మీదుగా తిప్పి, పై కన్నులోంచి లాగి, బొటనవేలితో నొక్కి, మెలి తిప్పి బిగించాడు. ఒక్కో ముడి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. పాత కన్నులకీ కొత్త కన్నులకీ తేడా తెలియలేదు. బావ పాతికేళ్లుగా చెక్కపని చేస్తున్నవాడు, అతని వేలు మీదినుంచి చూపు తిప్పలేదు. అరగంటలో అయిపోయింది. ఆ అరగంటా ఇద్దరూ నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు. పోయేటప్పుడు మా పడవ ముక్కు దగ్గర గాజుగుడ్డ అతుకు చూసి, "ఈ జిగురు యాడ దొరకద్ది?" అని అడిగాడు. అతని పెద్ద పడవ ఫైబరుదట, అడుగున నెర్ర విచ్చి నీళ్లు కారుతోందట.

తొమ్మిదింపావుకి ఇరకం. ఒడ్డున ఇసుక, కట్టేసిన పడవలు, పిల్లలు. చిన్నోడి ఊహల్లో ఉన్న నిర్మానుష్య దీవి కాదు. ఇళ్లు, గుడి, కోళ్లు, ఎండుచేపల వాసన, ఫోన్లు. తెలుగు, తమిళం రెండూ వినబడుతున్నాయి. టార్పాలిన్ పడవలో జనం దిగగానే ఒకావిడ ఏం అమ్మడానికి వచ్చారని అడిగింది. ఏమీ అమ్మడానికి రాలేదు, ఊరికే చూడ్డానికి అంటే కాసేపు నమ్మలేదు. "మోటారు పెట్టుకోరాదా? జొరమొస్తే గాలి కోసరం కూసుంటారా?" అంది. వాళ్లకి పడవ అంటే బస్సు, అంబులెన్సు, పెళ్లి ఊరేగింపు. గాలి కోసం ఎదురుచూడటం వాళ్ల పెద్దలు వదిలించుకున్న పని, మేం డబ్బు పెట్టి మళ్లీ తెచ్చుకున్నాం.

ఆవిడే మంచినీళ్లిచ్చింది. చుట్టూ ఉప్పునీళ్లు, వేసవిలో సముద్రం కన్నా ఉప్పన ఎక్కేవి. ఇవి తియ్యగా ఉన్నాయి. ఇసుకలోకి ఇంకిన వాననీరు తేలిక, అడుగున ఉన్న ఉప్పునీటి మీద మీగడలా తేలి నిలుస్తుంది. ఎక్కువ తోడితే కిందిది పైకి వస్తుంది. మేడం ఇది చెబుతుంటే ఆవిడ, "అందుకేగా మెల్లిగా తోడేది" అంది.

దీవి చుట్టూ నడిచిందాని గురించి పేజీలు రాయొచ్చు, రాయను. ఈశాన్యంలో మసకగా శ్రీహరికోట కట్టడాలు. 1971లో తొలి రాకెట్ లేచిన చోటు. తాటిచెట్లు, సర్వి తోపు, మధ్యాహ్నం ఎండ. మేం తెచ్చుకున్న పులిహోర, వాళ్లిచ్చిన రొయ్యల వేపుడు.

ఒంటిగంటకి గాలి తిరిగింది. ఈసారి సరంగు బోటులో బావ, మట్టగిడసలో నేను. ఆగ్నేయపు గాలి పొద్దుటి గాలిలా కాదు, తోస్తుంది. చిన్నోడు చుక్కాని దగ్గర, మేడమూ నేనూ ఎడమ అంచు మీద కూర్చుని వెనక్కి వంగాం. బట్టలు తడిసిపోయాయి. చాప తాడు నా చేతికిచ్చాడు. అది ఉత్త తాడు కాదు, అవతలి కొసన ఏదో పెద్ద జంతువు ఉన్నట్టుంటుంది. లాగితే లాగుతుంది, వదిలితే ఊరుకుంటుంది. వల గుంజలు కనబడగానే నలుగురం ఒకేసారి అరిచాం, చాలా దూరంనుంచే తిరిగాం. మధ్యలో ఒక్కసారే అడుగు రాసింది. మూడు లోపే ఒడ్డు.

ఫిబ్రవరి 15

విప్పి చూశాం. అడుగున ఆల్చిప్పల గీతలు పదకొండు, ఒక్కటి మాత్రమే గాజుగుడ్డ దాకా దిగింది. 12 మిల్లీమీటర్ల బోల్టు కదల్లేదు. బిరడా దగ్గర చెమ్మ లేదు.

పక్కపలక సందుకి మందు: పలక ముందు అంచుకి ఎదురుగా పడవ పక్కన ఏటవాలు చెక్క ముక్క అతికించాలి. అప్పుడు తాడు ఏదైనా సందులోకి దూరకుండా కిందికి జారిపోతుంది. బావ అరగంటలో చెక్కేశాడు. సెప్టెంబర్‌లో ఇది తోచకపోవడానికి కారణం, బురద గురించి ఆలోచించినంత మనుషుల గురించి ఆలోచించకపోవడం. ఇలా రాస్తే బావ ఒప్పుకోడు, "కొలత తప్పింది, అంతే" అంటాడు.

మొత్తం ఖర్చు 38,640. ఇందులో మొదటి ప్లైవుడ్, మగ్గు, గ్యాస్కెట్ కూడా ఉన్నాయి.

వల వేసినతను సరంగు ఫోన్‌నుంచి చేశాడు. డబ్బు సంగతి మళ్లీ ఎత్తితే వద్దన్నాడు, జిగురు సంగతి అడిగాడు. వాళ్ల ఫైబరు పడవలు పాలియెస్టర్ రెసిన్‌వి. గరుకు పట్టించి, ఆరబెట్టి వేస్తే ఎపాక్సీ దాని మీద బాగా పట్టుతుందన్నారు మేడం, తలకిందులుగా అయితే పట్టదట. మా దగ్గర కిలోన్నర మిగిలింది, గాజు టేపు నాలుగు మీటర్లు ఉంది. వచ్చే ఆదివారం మొదటి లోకల్‌కి బావా నేనూ తడ వెళ్తున్నాం. అతన్ని ముందు రోజే పడవ ఒడ్డుకి లాగి బోర్లించి, నెర్ర ఆరబెట్టమన్నాం. తూకం యంత్రం, స్టీలు పళ్లెం, ఉప్పుకాగితం సంచిలో పెట్టాను. ఎండలు ముదురుతున్నాయి, తొమ్మిదిలోపు పూత అయిపోవాలి.